రెండో రాత్రి నాకు పిచ్చి పట్టలేదు

నా మెడ వెనక్కి వంగదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు పుట్టి, ఇరవై ఏండ్లు బోరింగు నీళ్లు తాగి పెరిగిన వాళ్లలో నాలాంటి వాళ్లు ఇంటికొకరు ఉంటారు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా బోర్లలో అంతకు మూడు నాలుగు రెట్లుండేది. కృష్ణా నీళ్లు ఊరికొచ్చేసరికి ఎముకలకు పట్టాల్సింది పట్టేసింది. వెన్నుపూసల మధ్య పట్టీలు గట్టిపడి, పక్కటెముకల కీళ్లు బిగుసుకుని, ఆకాశంలో చుక్కను చూడాలంటే నడుం దగ్గర్నుంచి వాలాల్సి వస్తుంది నాకు.

గుండె ఆపరేషన్ గురించి రాస్తూ మెడ దగ్గర మొదలుపెట్టానేంటని అనుకోవద్దు. మత్తు డాక్టరు మొదట చూసేది మెడనూ నోటినీ. నోరు తెరిస్తే మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. తల వెనక్కి వాల్చినప్పుడు గడ్డం నుంచి కంఠముడి దాకా మూడు వేళ్ల దూరం ఉండాలి. థియేటర్ స్టాఫ్ నర్సుగా ఈ పరీక్ష కొన్ని వేలసార్లు పక్కన నిలబడి చూశాను. నా వంతు వచ్చినప్పుడు డాక్టరమ్మ మొహం చూడగానే తెలిసిపోయింది, మామూలు పద్ధతిలో నాకు ఊపిరి గొట్టం పడదని.

గుండె జబ్బు బయటపడిన తీరు క్లుప్తంగా చెప్తాను. మెట్లెక్కితే ఎడమ దవడ లాగేది. పంటి నొప్పి అనుకుని మూడు వారాలు పోగొట్టుకున్నాను. ఆడవాళ్లలో, నాలాగా షుగరున్నవాళ్లలో గుండెనొప్పి ఛాతీలోనే రావాలని లేదని తెలిసిన మనిషినే. యాంజియోగ్రామ్‌లో మూడు నాళాలూ పూడుకుని ఉన్నాయి. అల్లుడు, "కోత లేకుండ స్టెంట్లు ఏపిద్దాం అత్తమ్మా" అన్నాడు. సర్జన్ ఆయన్ను కసురుకోలేదు, కూచోబెట్టి లెక్క చెప్పాడు. షుగరుండి ఒకటికి మించి నాళాలు పూడుకున్న 1900 మందిని సగం స్టెంట్లకు, సగం బైపాస్‌కు పంపి చూసిన ఫ్రీడమ్ పరిశోధన 2012లో వచ్చింది. ఐదేళ్లలో చావో, గుండెపోటో, పక్షవాతమో వచ్చినవాళ్లు స్టెంట్ల వైపు 26.6 శాతం, బైపాస్ వైపు 18.7 శాతం. అందులోనే ఇంకో లెక్క కూడా దాచకుండా చెప్పాడు: పక్షవాతం ఒక్కటే తీసుకుంటే బైపాస్ వైపే ఎక్కువ, 5.2 శాతం, అవతల 2.4. మంచీ చెడూ రెండూ చెప్పినందుకే ఆయన మాట మీద నాకు గురి కుదిరింది.

ఆపరేషన్‌కు ముందు ఆపాల్సిన మందులు రెండున్నాయి, ఊళ్లలో చాలామంది వీటి దగ్గరే తప్పు చేస్తారు. రక్తం పలచబడేందుకు వేసుకునే క్లోపిడోగ్రెల్ 5 రోజుల ముందు ఆపాలి, లేకపోతే కుట్లన్నీ వేశాక కూడా కారుతూనే ఉంటుంది. షుగరుకు వాడే డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి 3 రోజుల ముందు ఆపాలి. ఆపకపోతే షుగరు మీటర్లో అంకె బాగానే కనిపిస్తూ లోపల రక్తం ఆమ్లమవుతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఏది ఎప్పుడు ఆపాలో డాక్టరు రాసివ్వాలి, మనంతట మనం ఆపకూడదు. మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకుపోండి. పేర్లు చెప్పడం కంటే అట్టలు చూపించడం మేలు.

ఇక గొట్టం సంగతి. మత్తిచ్చి కండరాలు వదులు చేసే మందు ఎక్కించాక మనిషికి సొంత ఊపిరి ఉండదు. మామూలుగా అయితే తల వెనక్కి వంచి, నాలుకను పైకెత్తి, కనిపించే స్వరతంత్రుల మధ్య నుంచి గొట్టం దించేస్తారు, అరనిమిషం పని. మెడ వంగకపోతే ఆ తంత్రులు కనిపించవు. మాస్కుతో కూడా గాలి ఎక్కకపోతే నాలుగైదు నిమిషాల్లో మెదడుకు ముప్పు, పూడుకున్న గుండెకైతే అంతకంటే ముందే. అందుకని మెలకువగా ఉండగానే కెమెరా గొట్టంతో వెళ్తారు.

ముందుగా మణికట్టు ధమనిలో సన్నటి గొట్టం పెట్టారు, గుండె కొట్టుకున్న ప్రతిసారీ బీపీ తెర మీద కనిపించేలా. గొట్టం వేసేటప్పుడు దగ్గొచ్చి బీపీ ఎగబాకితే గుండెకు రక్తం చాలదు, అసలు భయమంతా అదే. నోట్లో ఊరే నీరు ఎండిపోవడానికి గ్లైకోపైరోలేట్ 0.2 మిల్లీగ్రాములు. గొట్టం పోయే ముక్కులో రక్తం రాకుండా చుక్కల మందు. తర్వాత గొంతు మొద్దుబార్చే 4 శాతం లిగ్నోకెయిన్ 5 మిల్లీలీటర్లు నెబ్యులైజర్‌లో పీల్పించారు. అంటే 200 మిల్లీగ్రాములు. పైన 10 శాతం స్ప్రే, ఒక్కో కొట్టుకు 10 మిల్లీగ్రాములు. మొత్తం మీద కిలో బరువుకు 9 మిల్లీగ్రాములు దాటకూడదు, నా 56 కిలోలకు 504. దాటితే పెదాలు తిమ్మిరెక్కుతాయి, చెవుల్లో హోరు మొదలవుతుంది, ఆ తర్వాత ఫిట్సే. కొట్టిన ప్రతి స్ప్రేనూ సిస్టర్ పైకి లెక్కపెట్టింది. ఆ గొంతు వింటుంటే నాకు ధైర్యంగా ఉంది.

డాక్టరమ్మది వనపర్తి దిక్కు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "అమ్మా, ఇప్పుడొకసారి దగ్గొస్తది. ఊపిరి నీదే, నేను ఆపను. గొట్టం లోపలికి పొయ్యిందని చూసినంకనే నిద్ర పుచ్చుత" అంది. తెర నా వైపే ఉంది. ముత్యపుచిప్ప లోపలి రంగులో రెండు తంత్రులు తెరుచుకోవడం, వాటి వెనక గాలిగొట్టపు ఉంగరాలు ఒకదాని కింద ఒకటి దిగిపోవడం చూశాను. ఇన్నేండ్లలో వేరేవాళ్లవి చూశాను, నావి నేను చూసుకున్నది అదే మొదలు. తర్వాత ఏమీ గుర్తు లేదు. ఆ తల్లికి నేనేమిచ్చి రుణం తీర్చుకోగలను.

గుండెను ఆపకుండానే, కొట్టుకుంటుండగానే మూడు బైపాస్ దారులు కుట్టారట. ఛాతీ లోపలి ధమని ఒకటి ముందువైపు నాళానికి, ఎడమకాలి సిర నుంచి రెండు ముక్కలు మిగతా రెంటికీ. నాలుగున్నర గంటలు. నా మెడ వల్లే గొట్టాన్ని తొందరపడి తీయలేదు. తీశాక ఊపిరి అందకపోతే మళ్లీ వేయడం అంత తేలిక కాదు కదా. మర్నాడు పొద్దున పదింటికి, కళ్లు తెరిచి, తల పైకెత్తి ఐదు సెకన్లు నిలబెట్టాకే తీశారు.

ఆపరేషన్ ముందురోజు రాత్రి జరిగింది ఒకటి చెప్పాలి. తొమ్మిదింటికి పీజీ చదివే ఒక డాక్టరమ్మాయి కాగితాలు పట్టుకొచ్చింది. ఛాతీ ఎముకకు రెండు వైపులా, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ నరాల దగ్గర మందు వేస్తే నొప్పి ఎంత తగ్గుతుందో తేల్చే అధ్యయనం. సగం మందికి నరాలను మొద్దుబార్చే రోపివకెయిన్, సగం మందికి ఉప్పునీరు. ఎవరికేదన్నది మూసిన కవరులోని చీటీ తేలుస్తుంది, రోగికీ తెలియదు, నొప్పి రాసుకునేవాళ్లకూ తెలియదు. ఉప్పునీరు పడినవాళ్లకు కూడా మామూలు నొప్పి మందులు ఆగవు. ఇది నేను గుచ్చి గుచ్చి అడిగిన మొదటి ప్రశ్న. మధ్యలో వద్దంటే వైద్యంలో తేడా వస్తుందా, అధ్యయనం వల్ల ఏమైనా అయితే ఖర్చెవరిది, ఇలాంటి పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ కాగితం మీద ఉందా, సంతకమైన కాగితం నకలు నాకిస్తారా. మీరూ ఇవన్నీ అడగండి, అడిగే హక్కుంది. చదువు రానివాళ్లయితే ఆ అధ్యయనంతో సంబంధం లేని సాక్షి పక్కనుండి చదివించి, తానూ సంతకం పెట్టాలి. అమ్మాయి అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. అయినా పొద్దున కోత పెట్టుకుని ముందు రాత్రి తొమ్మిదింటికా అడిగేది? ఆ టైంకు మనిషి దేనికైనా సంతకం పెడతాడు. రెండు రోజుల ముందు అడగాల్సింది. ఆ మాట ఆమెకే చెప్పి, సంతకం పెట్టాను. నాకు తెలిసిన మత్తు పద్ధతులన్నీ ఎవరో ఒకరు ఇట్లా సంతకం పెడితేనే వచ్చాయి.

ఇప్పుడు రెండో రాత్రి.

చీకటి పడ్డాక పైకప్పు పలకల్లోంచి నీళ్లు కారడం మొదలైంది. మా ఊరి చేతిపంపు నీళ్లు, నాలుకకు ఆ చప్పదనం కూడా తెలిసింది. ఛాతీ గొట్టం సీసాలో బుడగల చప్పుడు ఎసరు మరిగినట్టుంది. నేను నైట్ డ్యూటీలో ఉన్నాను. పక్క మంచం మీద పెద్దాయనకు గొంతులో కఫం పేరుకుపోయింది, దాన్ని లాగేసే సక్షన్ పెట్టే దిక్కు లేదు, డ్యూటీ మార్చుకోవాల్సిన రిలీవర్ రాలేదు. లేచి పోవాలి. లేచాను. ఆక్సిజన్ తీసేశాను. మణికట్టులో ఉన్న గొట్టాన్ని పాత ఐవీ అనుకుని పీకేశాను. అది ధమని గొట్టం, దుప్పటంతా రక్తం. నలుగురొచ్చి పడుకోబెట్టారు. చేతులు రెండూ బ్యాండేజీ గుడ్డతో రెయిలింగుకు కట్టారు. ఎవరో హిందీలో తారీఖు అడిగారు, ఎవరో ఇంగ్లీషు అక్షరాలు వరసగా చదువుతూ "ఏ" అన్నప్పుడల్లా చెయ్యి నొక్కమన్నారు. పేషెంటు చచ్చిపోతుంటే చెయ్యి నొక్కమంటారేంటని నేను అరిచానట. నిద్రపుచ్చే మిడజోలం ఇచ్చారు. ఆ తర్వాత రాత్రి ఇంకా పొడుగైంది.

తెల్లవారుజామున నాలుగింటికి నా బిడ్డకు ఫోన్ చేసి ఒకాయన అన్న మాట ఇది: "మీ అమ్మకు దిమాక్ ఖరాబైంది. ఆపరేషనైతే మంచిగనే అయింది, ఇగ ఈమె ఇట్లనే ఉంటది."

నా బిడ్డ వెయిటింగ్ హాలు మెట్ల మీద తెల్లారేదాకా ఒక్కతే కూచుంది. ఆ మాట అన్నాయన మీద నాకున్న కోపం ఈ రోజుకీ తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. కట్టేసినందుకు కాదు, ఇంకో గొట్టం పీకకుండా కట్టారు. అబద్ధం చెప్పినందుకు. అది పిచ్చి కాదు. డెలిరియం అంటారు, మన పెద్దవాళ్లు సంధి అనేవాళ్లు. గుండె ఆపరేషనైన పెద్ద వయసు వాళ్లలో పదిమందికి ఇద్దరు ముగ్గురికైనా వస్తుంది, ఎక్కువగా రెండో రోజు మూడో రోజు మధ్య. పగలు తేటగా ఉండి చీకటి పడగానే ముదురుతుంది. చాలామందికి కొద్దిరోజుల్లో పోతుంది, కొందరికి మాత్రం మతిమరుపులాంటిది కొన్ని నెలలుంటుంది. ఆ ముక్క ముందే ఒక్కరు చెప్పి ఉంటే నా బిడ్డ ఆ రాత్రి అట్లా ఏడ్చేది కాదు.

ఎందుకు వస్తుందో కూడా రాస్తాను. నిద్ర లేకపోవడం, ఆగని అలారాలు, రాత్రంతా ఆరని లైట్లు. రక్తంలో సోడియం తగ్గడం, ఆక్సిజన్ తగ్గడం, చీము పట్టడం, మలం బిగుసుకోవడం, చెప్పుకోలేని నొప్పి. పొంతన లేకుండా మాట్లాడుతూ మంచం దిగేవాళ్లనే అందరూ గమనిస్తారు. గోడవైపు తిరిగి గమ్మున పడుకున్నవాళ్లను "బాగా నిద్రపోతుంది పెద్దమ్మ" అని వదిలేస్తారు, వాళ్లదీ ఇదే జబ్బు, ఇంకా ప్రమాదం. మందుతో ఆపగలమేమోనని చాలా వెతికారు. గుండె ఆపరేషన్‌లో డెక్స్‌మెడెటోమిడిన్ ఎక్కిస్తే రాకుండా ఉంటుందేమోనని దాదాపు 800 మందిలో చూసిన డికేడ్ అధ్యయనం 2020లో వచ్చింది, తగ్గలేదు. వచ్చాక హాలోపెరిడాల్ ఇస్తే తొందరగా పోతుందా అని ఐసీయూల్లో చూసిన 2018 నాటి అధ్యయనంలోనూ ఉత్త సెలైన్ కంటే మెరుగేమీ కనిపించలేదు. మిడజోలం లాంటి మందులైతే దీన్ని పెంచుతాయి.

ఒక్క చోట మాత్రం ఆ జాతి మందే ప్రాణం కాపాడుతుంది. మన మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల్లో మందు కల్లు రోజూ తాగేవాళ్లున్నారు. అందులో కలిపేది అల్ప్రాజోలం, డయాజిపాం లాంటివే. ఆస్పత్రిలో చేరాక అది ఆగిపోతే రెండు మూడు రోజులకు చేతులు వణికి, చెమటలు పట్టి, లేనివి కనిపించి, ఫిట్స్ వస్తాయి. "మా నాయన తాగడు సార్" అని కొడుకులు పరువు కోసం దాస్తారు. దాయకండి. రోజుకు ఎన్ని సీసాలో కూడా చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం మొత్తం మారిపోతుంది.

నన్ను వెనక్కి తెచ్చింది ఏ ఇంజెక్షనూ కాదు. పొద్దున డ్యూటీకొచ్చిన ఆయా. పేరు రాయను, అచ్చంపేట ఆమె. నా కళ్లజోడు కవర్లోంచి తీసి తుడిచి పెట్టింది. పళ్ల సెట్టు కడిగి నోట్లో పెట్టింది. పరదా జరిపింది. "అక్కా, ఇయ్యాల బేస్తారం. ఏడు గొట్టింది. నువ్వు డ్యూటీల లేవు, నీకే ఆపరేషనైంది, అయిపొయ్యింది. నీ బిడ్డ బయటనే ఉంది, చాయ తాగొస్తది" అంది. ప్రతి వాక్యం ఒక్కో మెట్టులా దిగొచ్చాను. అప్పుడామె, "ఐతారం నుంచి ఎనక్కి వారాలు చెప్పక్కా" అంది. ఐతారం, శనారం, శుక్రారం దాకా వచ్చి ఆగిపోయాను. గంట తర్వాత మళ్లీ అడిగింది. ఈసారి సోమారం దాకా చెప్పాను. రాత్రి "ఏ" అన్నప్పుడు చెయ్యి నొక్కమన్నట్టే, శ్రద్ధ నిలబడుతుందా లేదా అని చూసే పరీక్షల్లో అదీ ఒకటి. ఆమెకెవరు నేర్పారో గానీ ఇంగ్లీషు అక్షరం రాని మనిషికి అదే అసలైన పరీక్ష.

అందుకని మీ ఇంట్లో పెద్దవాళ్లను గుండె ఆపరేషన్‌కు తీసుకుపోతుంటే కళ్లజోడు, చెవి మిషన్, పళ్ల సెట్టు ఒక డబ్బాలో పెట్టి పేరు రాసి ఐసీయూ సిస్టర్ చేతికివ్వండి. గొట్టం తీసిన గంటలోనే పెట్టమని అడగండి. పెద్ద అంకెల గడియారం తీసుకుపోండి. లోపలికి వదిలినప్పుడు ఏడవకండి, ఏ వారమో, ఎంత పొద్దయిందో, ఎక్కడున్నారో చెప్పండి. వాళ్లు లేనిది చూశామంటే వాదించొద్దు, ఔననీ అనొద్దు. "నేనున్న, ఇక్కడేం లేదు" అంటే చాలు.

ఇంటికొచ్చాక సంగతులు అందరికీ తెలిసినవే. ఛాతీ ఎముకను స్టీలు తీగలతో కుట్టారు, అది అతుక్కునేదాకా, అంటే మూడు నెలలు, రెండు కిలోలు మించి ఎత్తొద్దు. నిండు బిందె పదిహేను కిలోల పైనే. మంచం మీంచి చేతుల మీద బరువేసి లేవొద్దు, పక్కకు దొర్లి లేవాలి. దగ్గొస్తే దిండు ఛాతీకి హత్తుకోవాలి. మూడు బంతుల ఊపిరి మిషన్ గంటకు పదిసార్లు. నా పక్కటెముకలు బిగుసుకుని ఉండటం వల్ల 600 అని రాసిన బంతి ఒక్కటే లేచేది. 900 బంతి లేవడానికి మూడు వారాలు పట్టింది. 1200 బంతి ఇంకా లేవలేదు. చెర్వుగట్టు రామలింగేశ్వరునికి నా బిడ్డ ఆ నాలుగింటి ఫోన్ తర్వాత మెట్ల మీదే మొక్కుకుందట. నాలుగో నెల అమావాస్యకు పోయి తీర్చుకున్నాం. కొబ్బరికాయ ఆమె కొట్టింది. నా సంచిలో ఆధార్ కార్డుతో పాటు డాక్టరమ్మ రాసిచ్చిన కార్డొకటి ఎప్పుడూ ఉంటుంది: "మెడ వంగదు. మెలకువలోనే కెమెరాతో గొట్టం వేయాలి." ఫ్లోరోసిస్ ఉండి ఒకసారి ఆపరేషనైన ప్రతి మనిషీ ఇట్లాంటి కార్డు అడిగి రాయించుకోవాలి. రేపు ఎక్కడ పడిపోయినా అది మాట్లాడుతుంది.

డిశ్చార్జి ముందురోజు సంగతి మిగిలింది. పీజీ అమ్మాయి చివరి ప్రశ్నలకు వచ్చి మంచం పక్కన కూచుంది. అట్ట మీద కాగితం నాకు తలకిందులుగా కనిపిస్తోంది, అట్లా చదవడం నర్సులకు అలవాటే. గొట్టం తీసిన 6 గంటలకు నొప్పి పదికి 6, 12 గంటలకు 4. పద్దెనిమిది గంటల గడిలో సున్నా. అంటే తెల్లవారుజామున నాలుగు. నా చేతులు కట్టేసి ఉన్న టైం.

"బిడ్డా, ఆ సున్నా ఎవరు రాసిండ్రు?" అని అడిగాను.

"నైట్ డ్యూటీ వాళ్లమ్మా. మీరు నొప్పి గురించి ఏం చెప్పలేదని..."

"చెప్పలేదంటే నొప్పి లేదనా?"

ఆమె మొహం ఎర్రబడింది. నా ఒక్కదాని గడి అని కాదు, ఆ రాత్రి అట్లా సంధి కొట్టిన ప్రతి ముసలిమనిషి గడిలో సున్నా పడితే, ఆ మందు బ్రహ్మాండంగా పనిచేసిందని రేపెవరో చదువుతారు. ఆ అమ్మాయి సాకులు చెప్పలేదు. తెల్ల ఇంకు పూయలేదు, కొట్టి నల్లగా చేయలేదు. సున్నా కనిపించేలా దాని మీదుగా ఒక్క గీత గీసి, పక్కన "డెలిరియం, నొప్పి అంచనా వేయలేదు" అని రాసి, పొట్టి సంతకం, తారీఖు, టైం వేసింది. వాళ్ల గైడ్‌కు చెప్పి అందరి కాగితాలూ మళ్లీ చూస్తానంది. రీసెర్చి కాగితం దిద్దాల్సిన పద్ధతి అదే.

ఇంకో మాట కూడా చెప్పాను. సున్నా నుంచి పది దాకా ఎంత అంటే మావాళ్లకు తెగదు, ఆపరేషన్ మంచిగయిందా అని అడిగారనుకుని పదికి పది అంటారు. రూపాయిలో ఎంత అని అడుగు, అణాల్లో చెప్తారు. స్కేలు మార్చాలంటే కమిటీకి రాయాలమ్మా, మధ్యలో మార్చొద్దు అంది. అదీ నిజమే.

నా దగ్గర్నుంచి లేచి పక్క మంచం దగ్గరికి పోయింది. కొల్లాపూర్ నుంచి వచ్చిన తాత, నిన్ననే ఐసీయూ నుంచి దింపారు. ముందు పది అంకెలదే అడిగింది. ఆయన పైకప్పు వైపు చూశాడు. ఆమె ఒకసారి నా వైపు చూసి, ఆయన చెవి దగ్గరికి వంగింది.

"తాతా, రూపాయిల ఎంత నొప్పుంది?"

"దగ్గితే బారాణా బిడ్డా. ఊకె పండుకుంటే చారాణా."

గడి ఖాళీగా ఉంచి, మార్జిన్‌లో ఆ రెండు మాటలూ తెలుగులోనే రాసుకుంది.